సెప్టిక్ ట్యాంకు చావులను ప్రమాదాలుగా రాయకండి

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో సెప్టిక్ ట్యాంకులో ముగ్గురు చనిపోయిన వార్తను నాలుగు వాక్యాల్లో ముగించారు. ప్రమాదంగా కేసు కట్టారని చివర్లో ఉంది. ఏం జరుగుతుందో ముందే తెలిసిన దాన్ని ప్రమాదమని ఎలా సరిపెట్టుకుంటాం?

ఏళ్ల తరబడి మూత తీయని ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది. గాలి కన్నా బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. మడ్డిలో చిక్కుకున్నది మూత తీసి అరగంట ఆగినా పోదు, పార పెట్టి కదపగానే ఒక్కసారి పైకి లేస్తుంది. మొదట కుళ్లిన కోడిగుడ్ల కంపు కొడుతుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 100 వంతులు) దాటాక ముక్కు మొద్దుబారి ఆ కంపూ తెలియదు. వాసన తగ్గింది కదా అని మనుషులు దిగేది సరిగ్గా అప్పుడే. 700 దాటితే ఒకటి రెండు శ్వాసల్లో కుప్పకూలిపోతారు. అగ్గిపుల్ల గీసి చూడటం ఇంకా చాలాచోట్ల ఉంది. పుల్ల వెలిగినంత మాత్రాన విషవాయువు లేదని కాదు, పైగా మీథేన్ ఉంటే అంటుకుంటుంది. మూతికి కట్టిన తువ్వాలు, కరోనా నాటి మాస్కు ఏ వాయువునూ ఆపవు.

చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు ట్యాంకు కడగడానికి వచ్చినవాళ్లు కారు. లోపల పడిపోయినవాణ్ణి లాగుదామని ఒకరి వెనక ఒకరు దిగారు. సాటి మనిషి మీద అంత దయ ఉన్నవాళ్లను పోగొట్టుకున్నాం. పైన ముక్కాలి స్టాండు, కప్పీ, తాడు ఉంటే వాళ్లు దిగాల్సిన పనే లేదు. ఆ తాడును కూడా నడుముకు కట్టకూడదు. స్పృహ తప్పిన మనిషి మధ్యకు మడిచినట్టయి మూత కంతలో ఇరుక్కుంటాడు. భుజాలనూ తొడలనూ చుట్టే బెల్టు వేసి, పైభాగాన ఉన్న కొక్కేనికి తగిలించాలి. ఇద్దరు మనుషులు పైనే ఉండాలి. గ్యాస్ మీటరును తాడుతో దించి పైన, మధ్యలో, అడుగున చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే దిగనివ్వకూడదు.

అసలు దిగకుండానే ఈ పని అవుతుంది. ట్యాంకరు పైపు పలచటి మురుగును లాగేస్తుంది. అడుగున గట్టిపడ్డ దాని మీద ఒత్తిడితో నీళ్లు కొట్టి, కదిలించి, మళ్లీ లాగాలి. కాస్త సమయం, ఇంకో ట్రిప్పు డబ్బు అదనం. అక్కడే ఇంటి యజమానులకు చెయ్యి రాదు. మనిషిని దింపి అడుగంతా గీకించమంటారు. గీకక్కర్లేదు, కొంత మడ్డి వదిలేయాలి కూడా. కొత్తగా చేరేదాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. రెండు మూడేళ్లకోసారి లాగిస్తే మడ్డి అంతగా గట్టిపడదు. మనవాళ్లు మూత మీద పార్కింగ్ టైల్స్ పరిపించి మర్చిపోతారు. మరుగుదొడ్డి నీళ్లు వెనక్కి తన్నిన రోజున పేటలోకి కబురు పంపుతారు. ఏ పేటకో, ఆ దిగేవాళ్లు ఏ కులాలవాళ్లో మీకూ తెలుసు, అధికారులకూ తెలుసు.

మనుషులతో మలం ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం ఏడో సెక్షన్ ప్రకారం రక్షణ ఏర్పాట్లు లేకుండా నేరుగా గానీ మధ్యవర్తి ద్వారా గానీ ఎవరినీ ట్యాంకులో దింపకూడదు. ఇది ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ పనిని రూపుమాపాలని పోరాడుతున్న బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చినప్పుడు మనవాడని మురిసిపోయాం. ఆయన సంస్థ సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2014లో, చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. అయినా ఎవరైనా పోగానే నాయకులొచ్చి తోచినంత ప్రకటించి, ఏదో దానం చేసినట్టు మాట్లాడతారు. అది ఆ కుటుంబాల హక్కు.

అధికారుల తీరు ఇంకా బాధాకరం. యంత్రాలు కొన్న ఊళ్లలో కూడా డ్రైవరు లేడనో, మరమ్మతు అనో అవి షెడ్డులోనే పడి ఉంటాయి. గోడల మీద ఫోన్ నంబర్లు రాసుకుని తిరిగే ప్రైవేటు ట్యాంకర్ల దగ్గర గ్యాస్ మీటరు ఉందా అని అడిగేవారు లేరు. అక్టోబరు 2న కార్మికులకు శాలువాలు కప్పడానికి మాత్రం అందరికీ తీరిక దొరుకుతుంది. ఆ శాలువాల ఖర్చుతో బెల్టులు, తాళ్లు కొనండి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఈ కేసులో 2013 చట్టం సెక్షన్లు పెట్టారా, ఎఫ్‌ఐఆర్‌లో ఇంటి యజమాని పేరు ఉందా, మూడు కుటుంబాలకూ 30 లక్షల చొప్పున ఎప్పటిలోగా ఇస్తారు అన్నది కలెక్టరు గారిని అడిగి అదే పేజీలో వేయండి. ట్యాంకు శుభ్రం చేయించుకోవాలనుకునేవారి కోసం 14420 హెల్ప్‌లైన్ నంబరు కూడా ఆ వార్త కిందే అచ్చు వేయండి.

– విశ్రాంత పబ్లిక్ హెల్త్ ఇంజినీరు, ఏలూరు