విప్పితేనే బిగించగలిగే కిట్ అమ్మి, విప్పారు కాబట్టి వారంటీ లేదంటే ఎలా అండి

కస్టమర్ కేర్ వాళ్ళకి నమస్కారం,

ఇది మీకు రాస్తున్న నాలుగో మెయిల్. ముందు మూడింటికీ ఒకటే రిప్లై వచ్చింది, అక్షరం మారకుండా, "ప్రొడక్ట్ ఓపెన్ చేశారు కాబట్టి వారంటీ వర్తించదు" అని. అందుకే ఈసారి మొదట్నుంచి అంతా రాస్తున్నా, కాస్త ఓపికగా చదివి మనిషన్నవాళ్ళు ఎవరైనా జవాబివ్వండి.

నాది 2006లో కొన్న ఐపాడ్, వీడియోలు ఆడే ఐదో తరంది, 30 జీబీ. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2014 అక్టోబర్ 12న, మా ఎంవీపీ కాలనీలో కరెంటు పోయి రోజుల తరబడి రాలేదు, అప్పుడు మా నాన్నగారు చార్జింగ్ అయిపోయేదాకా దీంట్లోనే ఘంటసాల పాటలు వింటూ కూర్చున్నారు. దానికి నెల ముందే యాపిల్ వాళ్ళు క్లాసిక్ మోడల్ అమ్మడం ఆపేశారు, 2022లో ఐపాడ్ టచ్ కూడా ఆపేశారు, అంటే పోతే ఇంకోటి కొనుక్కోవచ్చులే అనుకునే వస్తువు కాదిది. మొన్న ఎండాకాలం లోపల ఉన్న 1.8 అంగుళాల హార్డ్ డిస్క్ టకటకమనడం మొదలెట్టింది, బ్యాటరీ గంటకి మించి ఆగట్లేదు, సరే అని మీ సైట్‌లో కిట్ ఆర్డర్ పెట్టా. డిస్క్ స్థానంలో పెట్టే అడాప్టర్, 256 జీబీ మెమరీ కార్డు, 3000 ఎంఏహెచ్ బ్యాటరీ, అన్నీ కలిపి 6,850 రూపాయలు.

డాబాగార్డెన్స్‌లో ఫోన్లు రిపేర్ చేసే తమ్ముడొకడు నాకు బాగా తెలుసు, పక్కన కూర్చుని చూస్తుండగానే బిగించాడు. ప్లాస్టిక్ ముక్కతో అంచు చుట్టూ విప్పి, రిబ్బన్ కేబుల్ లాక్ పైకెత్తి డిస్క్ తీసి, అడాప్టర్ పెట్టి కంప్యూటర్‌కి తగిలించి రీస్టోర్ కొడితే ఒక్కసారికే వచ్చింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే మీరు "బిగించడంలో తప్పు" అని కూడా ఒక మాట అన్నారు. అడాప్టర్ బాగానే ఉందండి, దాని మీద నాకు కంప్లైంట్ లేదు.

నా పాత పాటలు 27 జీబీ, అవన్నీ ఎక్కించా, చక్కగా ఆడాయి, వారం రోజులు సంబరపడ్డా కూడా. తర్వాత ఇంకో 40 జీబీ ఎక్కించాకే అసలు కథ మొదలైంది, లిస్టులో పేరు ఉంటుంది, నొక్కితే రెండు సెకన్లు ఆగి తర్వాత పాటకి దూకేస్తుంది, అలా వరసగా పది పాటలు. అనుమానమొచ్చి కార్డు బయటికి తీసి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ పెట్టి చూశా. ఈ సాఫ్ట్‌వేర్ కార్డు నిండా డేటా రాసి, మళ్ళీ చదివి సరిచూస్తుంది. విండోస్‌లో కార్డు 238 జీబీ అని చూపిస్తోంది, నిజం 256 కార్డైనా అంతే చూపిస్తుంది కాబట్టి అక్కడ ఎవరికీ డౌటు రాదు. టెస్టులో మాత్రం 29 జీబీ చిల్లర వరకే సరిగ్గా వచ్చింది, మిగతాదంతా పోయింది అని రిపోర్ట్. ఏటండీ ఇది, 32 జీబీ కార్డుకి 256 అని అబద్ధం చెప్పేలా లోపల మార్చేసి పైన స్టిక్కర్ వేసిందే కదా!

ఇక బ్యాటరీ. కొత్తప్పుడు ఈ మోడల్‌కి కంపెనీ చెప్పింది 14 గంటలు, అదీ లోపల డిస్క్ తిరుగుతుండగా. ఇప్పుడు తిరిగేదేమీ లేదు, మీదేమో 3000 అంటున్నారు, అయినా తొమ్మిది గంటలకే ఆగిపోయింది. మా వీధి చివర బంగారం షాపులో తూకం వేయించా (ఆయన నన్ను ఓ చూపు చూశాడు, అది వేరే సంగతి), 19 గ్రాములు. 3000 ఎంఏహెచ్ లిథియం సెల్ యాభై గ్రాముల దగ్గర్లోనైనా తూగాలి కదా, మిగతా బరువు ఎక్కడికెళ్ళింది? పైగా రెండు నెలలకే ఉబ్బి వెనక స్టీలు మూతని పైకి తోస్తోంది, అందుకే తీసి పక్కన పెట్టేశా.

ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. మీరు అమ్మిందే ఐపాడ్ విప్పి లోపల పెట్టుకునే సామాను, మీ పేజీలోనే విప్పే విధానం వీడియో కూడా పెట్టారు. విప్పకుండా అది ఎలా వాడాలో చెప్పండి, వాడతా. ఓపెన్ చేసింది నా ఐపాడ్‌ని, మీ కార్డుని కాదు, దాని సీలు విప్పడానికి అసలు సీలెక్కడుంది?

కార్డు, బ్యాటరీ డబ్బులు మొత్తం వెనక్కివ్వండి, అడాప్టర్ ఉంచుకుంటా. మార్చి ఇంకో కార్డు పంపిస్తామంటే వద్దు, నమ్మకం పోయింది. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి, నా మొదటి మెయిల్‌కే నెల దాటింది. ఇక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, అక్కడా తేలకపోతే ఇక్కడే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తా, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు కూడా లేదు, మీ ఊరు రావక్కర్లేదు. టెస్ట్ రిపోర్ట్, తూకం ఫొటో, బిల్లు జత చేశా.

కార్డు రేపే పంపగలను. ఉబ్బిన బ్యాటరీని మాత్రం మా దగ్గర కొరియర్ వాళ్ళు తీసుకోం అని చెప్పేశారు, దాన్ని ఎలా తెప్పించుకుంటారో మీరే చూసుకోండి, అప్పటిదాకా బాల్కనీలో ఇసక డబ్బాలో ఉంటుంది.

ఇట్లు,
మీ కస్టమర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం