ప్రశ్న అడిగే నర్సులు కావాలి

సంపాదకులు గారికి,

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఎంతోమంది మన పిల్లలు నర్సింగ్ చదవడానికి బెంగళూరు వస్తుంటారు. వాళ్లకు పాఠాలు చెప్పేదాన్నిగా ఈ లేఖ రాస్తున్నాను. బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో రీసెర్చ్, స్టాటిస్టిక్స్ ఉన్నాయి. వార్డులో మాత్రం వాటి జాడ కనిపించదు.

నోటితో తినలేని రోగికి ఆహారం ఇవ్వడానికి ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం సంగతే చూడండి. అది కడుపులోకి చేరిందో లేదో తెలుసుకోవడానికి సిరంజితో గాలి ఎక్కించి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి వింటారు. గొట్టం ఊపిరితిత్తుల్లోకి పోయినా అలాంటి శబ్దమే రావచ్చు. అందుకే బ్రిటన్ రోగి భద్రతా సంస్థ 2005లోనే ఈ పద్ధతిని నమ్మొద్దంది. గొట్టంలోంచి కొంచెం ద్రవం లాగి, అది ఎంత ఆమ్లంగా ఉందో చూపే పీహెచ్ పేపరుతో చూడాలి. పీహెచ్ 5.5 దాటకపోతే అది కడుపులోని ఆమ్లమేనని అర్థం, ఫీడ్ (ద్రవాహారం) ఇవ్వొచ్చు; తేలకపోతే ఎక్స్‌రే తీయాలి. పేపరు ముక్కకు ఎంత ఖర్చవుతుంది? అయినా మా స్టూడెంట్ ఒకమ్మాయి "పీహెచ్ చూద్దామా సిస్టర్?" అంటే "చెప్పింది చెయ్యమ్మా" అన్నారు. ఆ పిల్ల ఆ పోస్టింగ్‌లో మళ్లీ నోరు విప్పలేదు. నాకు బాధ కలిగించింది అదే.

సిస్టర్లను తప్పుపట్టలేం. ఒక్కొక్కరి మీద అంతమంది రోగులుంటే చదివే తీరికేది? కాలేజీలే పూనుకోవాలి. మార్కుల కోసం రాయించే ప్రాజెక్టులు బీరువాల్లో మగ్గుతున్నాయి. వాటి బదులు వార్డులో ఎదురైన ఒక్క ప్రశ్న తీసుకుని, ఒక వైద్య ప్రశ్నపై జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సమీక్షల్లాంటివి వెతికించి, దొరికింది ఎంతవరకు నమ్మొచ్చో తేల్పించి, ఆ వార్డు సిస్టర్ల ముందే చెప్పించాలి. ఇంగ్లిష్ అంటే టెన్షన్ పడే పిల్లలను ముందు తెలుగులోనో కన్నడలోనో చర్చించుకోనివ్వాలి. క్లినికల్ మార్కుల్లో దీనికీ వాటా ఇవ్వాలని యూనివర్సిటీ అధికారులను కోరుతున్నాను.

— ఒక నర్సింగ్ ట్యూటర్, బెంగళూరు