సిగ్నల్ పెరగగానే నమ్మెయ్యకు

చిట్టితల్లికి, అమ్మ ఆశీస్సులు.

రక్తంలో సీఈఏని, అంటే కొన్ని క్యాన్సర్లలో పెరిగే ప్రొటీన్‌ని, కొలవడానికి గోల్డ్ ఎలక్ట్రోడ్ మీద దాన్ని పట్టుకునే యాంటీబాడీ అతికించి సెన్సర్ చేస్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. ముందు యాంటీబాడీని ఎలక్ట్రోడ్‌కి అతికించడానికి వాడే ఈడీసీ పొడి సంగతి చెప్తాను. సీసాని మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లోంచి తీయగానే మూత తిప్పకు. విశాఖ గాలిలో తేమ ఎంతో నీకు తెలుసు. చల్లటి పొడికి ఆ చెమ్మ పడితే ఈడీసీ మెల్లగా చచ్చిపోతుంది, చూడ్డానికి మాత్రం మామూలుగానే ఉంటుంది. అరగంట బయట పెట్టి, సీసా పైన చెమట పూర్తిగా ఆరాకే తెరువు. 0.4 మోలార్ ఈడీసీ, దానికి తోడుగా వాడే 0.1 మోలార్ ఎన్‌హెచ్‌ఎస్ ద్రావణాలు వేర్వేరుగా చేసుకుని, ఎలక్ట్రోడ్ మీద వేసే క్షణంలోనే సమానంగా కలుపు. మిగిలింది పారబొయ్యి, రేపటికి దాచకు.

యాంటీబాడీ సీసాలో ఇంకేం కలిపారో కాగితం చదువు. ట్రిస్, గ్లైసీన్, బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్) మూడింట్లోనూ అమైన్లుంటాయి, ఈడీసీ అతికించేది అమైన్లనే. ఎలక్ట్రోడ్ మీద నీ యాంటీబాడీకి దక్కాల్సిన చోట్లు అవే ఆక్రమిస్తాయి. ట్రిస్, గ్లైసీన్ చిన్న అణువుల్ని వేరుచేసే డీసాల్టింగ్ కాలమ్‌తో పోతాయి, బీఎస్‌ఏ పోదు. అందుకే అది లేని రకమే తెప్పించుకో.

ఇక అసలు మాట. మిల్లీలీటరు సీరమ్‌లో సీఈఏ 5 నానోగ్రాములు దాటిందా అని చూస్తాం కదా, అదే మిల్లీలీటరులో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ దాదాపు 40 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే సుమారు 80 లక్షల రెట్లు! అందులో రవ్వంత ఎలక్ట్రోడ్‌కి అంటుకున్నా నీ సిగ్నల్ అయిన ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అడ్డు, పెరుగుతుంది, సీఈఏ దొరికిందనుకుంటావు. యాంటీబాడీ అతికాక, ఖాళీగా మిగిలిన చోట్లని 1 శాతం బీఎస్‌ఏతో బ్లాక్ చేసి, 0.05 శాతం ట్వీన్-20 (సబ్బులాంటిది) ఉన్న పీబీఎస్ ఉప్పు ద్రావణంతో కడుగు. ప్రతి బ్యాచ్‌లోనూ సీఈఏకి సంబంధంలేని యాంటీబాడీతో ఇంకో ఎలక్ట్రోడ్ చేసి, అదే సీరమ్ వెయ్యి. రెండిట్లోనూ ఒకేలా పెరిగితే నువ్వు కొలిచింది సీఈఏ కాదు. ఈ కంట్రోల్ లేని గ్రాఫ్‌ని నేనైతే నమ్మను.

ఇంకొకటి. సీఈఏ పొగతాగేవాళ్లలోనూ, లివర్ జబ్బుల్లోనూ పెరుగుతుంది. తొలిదశ పేగు క్యాన్సర్‌లో చాలామందికి పెరగనే పెరగదు. అందుకే డాక్టర్లు దాన్ని స్క్రీనింగ్‌కి కాదు, చికిత్స తర్వాత గమనించడానికి వాడతారు. నీ రిపోర్టులో "తొలిదశలోనే పట్టేస్తుంది" అని రాయకు తల్లీ. ఆ మాట నమ్మి ఎవరైనా కొలనోస్కోపీ మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనైనా, మరెక్కడైనా రోగుల శాంపిల్స్ అడగాలంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. దానికి నెలలు పట్టొచ్చు, దరఖాస్తు ఇప్పుడే పెట్టు. శాంపిల్స్ పేర్లు లేకుండా నంబర్లతో తీసుకో. ఏది రోగిదో తెలియకుండానే కొలిచి, తర్వాత ల్యాబ్ విలువలతో సరిచూసుకో.

వేళకి తిను.

అమ్మ