పాత విద్యార్థి సంఘాల పుస్తకాల పరిరక్షణ నిధి: జమా ఖర్చుల వివరణ

దాతలందరికీ నమస్కారం.

మన కళాశాలలో 1947 నుంచి 1961 వరకు నడిచిన విద్యార్థి సంఘాల మినిట్స్, లెక్కల పుస్తకాలు పందొమ్మిదింటిని బాగు చేయించి భద్రపరచడానికి మీరిచ్చిన డబ్బు లెక్క ఇది. తొలి చందా 2024 జూన్ 2న అందింది. 2025 మార్చి 31న పద్దు ముగించాం.

ముందు జమ. 143 మంది ఇచ్చిన చందాలు రూ. 3,18,600. ఈ సంఘాల మీద మేము అచ్చు వేయించిన ప్రత్యేక సంచిక 212 ప్రతులు రూ. 150 చొప్పున అమ్మగా వచ్చినవి రూ. 31,800. బ్యాంకు వడ్డీ రూ. 3,142. కమిటీ సభ్యులం తొమ్మిది మందిమి తలా రూ. 600 వేసుకోగా రూ. 5,400, ఎందుకు వేసుకోవలసి వచ్చిందో కింద చెబుతాను. మొత్తం జమ రూ. 3,58,942.

అమెరికా పౌరసత్వం తీసుకున్న ఇద్దరు పూర్వ విద్యార్థులు చెరో పాతికవేలు పంపుతామన్నారు. వద్దని చెప్పవలసి వచ్చింది. విదేశీ విరాళాల చట్టం కింద నమోదు కాని మనలాంటి కమిటీ విదేశీ పౌరుల నుంచి డబ్బు తీసుకోకూడదు, వారు మన ఊరిలో పుట్టి పెరిగినవారే అయినా సరే. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులకు ఈ అడ్డు లేదు. ఆ ఇద్దరూ నొచ్చుకోకుండా తమ దగ్గరున్న పాత ఫొటోలు పంపారు. వారికి మా కృతజ్ఞతలు.

ఇక ఖర్చు. చిరిగిన, చెదలు పట్టిన ఆరు పుస్తకాల మరమ్మతుకు, అన్నింటికీ అట్టపెట్టెలు చేయించడానికి రూ. 62,400 అయింది. ఎక్కువ మంది అడిగింది ఈ పద్దు గురించే కాబట్టి వివరంగా చెప్పాలి. ఇందులో రూ. 27,900 విద్యార్థి క్రైస్తవోద్యమం శాఖకు చెందిన రెండు పుస్తకాలకే ఖర్చయింది. భగవద్గీత చదువుకునే సంఘమైన గీతా తరగతి పుస్తకానికి రూ. 4,100 మాత్రమే. ముస్లిం విద్యార్థుల సంఘం నోటు పుస్తకానికి పెట్టె ఖరీదు తప్ప ఏమీ కాలేదు. ఒక మతం వారి పుస్తకాలకు అంత, ఇంకొకరి వాటికి ఇంత ఎందుకని కొందరు ఫోను చేసి అడిగారు. తన చందాను తమ సంఘం పుస్తకానికే వాడాలని ఒకరు రసీదు మీదే రాయించబోయారు.

జవాబు ఒక్కటే. పుస్తకం ఎవరిదని చూడలేదు, ఎంత పాడైందని చూశాం. క్రైస్తవ శాఖ పుస్తకాలు పాత హాస్టలు మెట్ల కింద గదిలో ఎన్నో వానాకాలాలు తడిశాయి. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి దిమ్మలా తయారయ్యాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి, ఆరబెట్టి, రెండు వైపులా పలుచని జపాను కాగితం అతికించారు. గీతా తరగతి పుస్తకం ఒక సభ్యుడి ఇంట్లో పూజగది అలమరలో, ఎర్రగుడ్డలో చుట్టి ఉండిపోయింది. దానికి కుట్టు మాత్రమే ఊడింది. ముస్లిం సంఘం నోటు పుస్తకంలో రాత పదకొండు పేజీలే, అదీ చెక్కుచెదరకుండా ఉంది. ఏ చందానూ ఏ ఒక్క పుస్తకానికీ కేటాయించకూడదని తొలి సమావేశంలోనే తీర్మానించాం. అందుకు ఒప్పుకోని దాత డబ్బు వెనక్కి ఇచ్చేశాం. అది పై జమలో లేదు.

ఆ తీర్మానానికి మాకు ధైర్యమిచ్చింది గీతా తరగతి పుస్తకంలోని ఒక పేజీ. అది 1954 జనవరి 30, గాంధీజీ వర్ధంతి నాటి సర్వమత ప్రార్థన లెక్క. రూపాయలు, అణాలు, పైలు అని మూడు గళ్లు గీసి (రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు), నీలం సిరాతో ఇలా రాశారు: పెట్రోమాక్స్ లైటు అద్దె 1-8-0, కిరసనాయిలు 0-6-0, మొత్తం 1-14-0. దాని కింద మూడు సంఘాల పేర్లు, ఒక్కొక్కరి వాటా 0-10-0. ముస్లిం సంఘం ఎదుట మొదట 0-4-0 అని రాసి, కొట్టేసి, పక్కన 0-10-0 అని దిద్దారు. ఆ సంఘంలో అప్పుడు ఏడుగురే ఉండేవారు. వారిలో ఒక పెద్దాయన్ని మేము కలిశాం, ఆయనకు ఇప్పుడు తొంభై ఏళ్లు. పేజీ ఫొటో చూపిస్తే కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు. “తక్కువ మందిమని నాలుగణాలు చాలన్నారు. వెలుతురు అందరిదీ ఒకటే కదా, వాటా కూడా ఒకటే అన్నాం. తలా అణా వేసుకుంటే ఏడణాలు వచ్చాయి. మిగతా మూడణాలు మెస్సులో అప్పు తెచ్చాం” అన్నారు.

ఈ మూడు సంఘాల లెక్కలు అంత నిక్కచ్చిగా ఉండటానికి కారణం ఉంది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గ్రాంటు అందుకునే విద్యాసంస్థలో ఎవరినీ ఇష్టం లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదు. మన కళాశాలలో ఇవన్నీ తరగతులు అయ్యాక, ఇష్టమున్నవారు కూడుకున్న సంఘాలే. ఫీజులతో వసూలయ్యే సంఘ రుసుము సాహిత్య, చరిత్ర, వక్తృత్వ సంఘాలకు వెళ్లేది. వీరికి అందులో వాటా లేదు. నెలకు అణా చందాతో నెట్టుకొచ్చారు, అందుకే ప్రతి అణాకూ లెక్క రాశారు. 1957 ఏప్రిల్ 1న అణాల బదులు రూపాయికి వంద నయాపైసలు వచ్చినప్పుడు క్రైస్తవ శాఖ కోశాధికారి మార్పిడి పట్టికను అట్ట లోపల అతికించుకున్నారు. ఆరణాలకు 37 నయాపైసలన్న వరుస కింద ఎర్ర గీత ఇంకా కనిపిస్తుంది.

మొత్తం 4,860 పేజీలను పేజీకి రూ. 6 చొప్పున స్కాను చేయించాం, రూ. 29,160. అంతకుముందు వేరొక చోట ఇచ్చిన 900 పేజీలు మసకగా వచ్చాయి, వారికి కట్టిన రూ. 5,400 తిరిగి రాలేదు. నమూనా చూడకుండా డబ్బు కట్టడం మా తప్పు. ఆ నష్టం మీ చందాల మీద పడకూడదని సభ్యులం వేసుకున్న సొమ్మే పైన జమలో చూపింది. ఖర్చులోనూ అంతే మొత్తం చూపాం.

అలనాటి సభ్యులు పదిహేడు మంది మాటలు రికార్డు చేయడానికి ప్రయాణాలు, పరికరాల అద్దె కలిపి రూ. 48,350. ఇందులో రూ. 1,860 ఆటో ఛార్జీలకు బిల్లులు లేవు, మేము రాసుకున్న ఓచర్లే ఉన్నాయి. సంచిక 400 ప్రతుల అచ్చుకు రూ. 76,000, అంటే ప్రతికి రూ. 190. రూ. 150కే అమ్మింది విద్యార్థులు కొనాలని. మిగిలిన 188 ప్రతులు గ్రంథాలయాలకు, పెద్దలకు ఉచితంగా వెళ్లాయి. మౌనధ్యానంతో తరగతులు మొదలుపెట్టాలన్న రాధాకృష్ణన్ కమిషన్ (విశ్వవిద్యాలయ విద్యపై ప్రభుత్వం వేసిన సంఘం) 1949 సూచన మీద వక్తృత్వ సంఘంలో జరిగిన చర్చను సంచికలో పూర్తిగా వేశాం. అనుకూలంగానూ వ్యతిరేకంగానూ ఆ కుర్రవాళ్లు మాట్లాడిన తీరు చదివి తీరాలి.

2025 జనవరి 30 నుంచి మూడు రోజుల ప్రదర్శనకు రూ. 58,700, భోజనాలకు రూ. 24,500. ప్రదర్శనలో జనం ఎక్కువగా ఆగింది సాహిత్య సంఘం మినిట్స్ పుస్తకం దగ్గర. 1952 డిసెంబరు 16 తేదీ కింద రెండే వాక్యాలు: “పొట్టి శ్రీరాములు గారు గత రాత్రి పరమపదించారు. సమావేశం లేదు.” పక్కన ఖర్చుల గడిలో, టీ నిమిత్తం తీసుకున్న 3-4-0 తిరిగి జమ.

రెండు ఇనుప బీరువాలు రూ. 29,500. తపాలా, జిరాక్సు, బ్యాంకు ఛార్జీలు రూ. 6,215. పాడైపోయిన స్కానింగుతో కలిపి మొత్తం ఖర్చు రూ. 3,40,225. నిల్వ రూ. 18,717. అందులో బ్యాంకులో రూ. 17,977, చేతిలో రూ. 740.

ముస్లిం సంఘం నోటు పుస్తకం ఉర్దూలో ఉంది. నిల్వలోంచి దాన్ని తెలుగులో రాయించి, మూలంతో పాటు అదే పెట్టెలో ఉంచుతాం. మిగిలినది ఏటా చెదల మందుకు.

87 ఓచర్లు, పాసు పుస్తకం, రసీదు పుస్తకాల అడుగు ప్రతులు కళాశాల గ్రంథాలయంలో ఉంచాం. ఆదివారాలు ఉదయం 10 నుంచి 12 వరకు ఎవరైనా చూడవచ్చు. లెక్కలో తేడా కనిపిస్తే రాతపూర్వకంగా ఇవ్వండి. జవాబు కూడా ఇదే విధంగా అందరికీ ప్రకటిస్తాం.

కమిటీ తరఫున,
కోశాధికారి