సంతకం పెట్టేముందు ఇది చదువు

నల్లగొండ
ఆదివారం రాత్రి

అరేయ్ బుడంకాయ,

నీ ఉత్తరమొచ్చి రెండు నెలలైంది. తిట్టుకుంటనే ఉంటవు, తిట్టు. ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం, చిన్నది బడికి పోతుంది, బత్తాయి ఈసారి సన్నగ పడ్డది. గంతే. అసలు ముచ్చట వేరే ఉన్నది. నువ్వు సుత దవాఖాన ఖర్చుల ఇన్సూరెన్సుకు మూడు లక్షల డిడక్టిబుల్ పాలసీ (మొదటి మూడు లక్షలు మనమే పెట్టుకోవాలె, మీదిదే వాళ్లు కడ్తరు) తీస్కుంటున్నవని మీ చెల్లె ఫోన్ల చెప్పింది. అప్పటిసంది నాకు నిద్ర పడ్తలే.

నేను పట్నంల నౌకరి ఇడిసినప్పుడు కంపెనీ ఇన్సూరెన్సు దాంతోనే పాయె. ముందే అడిగితే దాన్ని సొంత పాలసీగ మార్చుకునే దారి ఉంటదంట, నాకెవడు చెప్పిండు? చేతిల మిగిలింది నాయిన పేరు మీది ఒక్క టాపప్, అసొంటి డిడక్టిబుల్ పాలసీనే. పది లక్షలది, ఏడాదికి ఆరు వేల చిల్లర. మొదటి మూడు లక్షలు మనమే పెట్టుకోవాలె, అందుకే చవక. మూడు లక్షలు దాటే రోగమొస్తెనే కదా భయం అనుకున్న. నా లెక్కలు నీకెర్కే కదా, పానగల్లు శివరాత్రి నాడు చాయ్ పైసలు పంచినోన్ని!

వానకాలంల నాయినకు ఛాతిల బరువు. గ్యాసు అన్నడు. దవాఖానకు పోతే పరీక్షల పైసలు మన జేబుల్నుంచే కదా అని సోమవారం దాక చూద్దామన్న. నేనే అన్న. ఆ మాట యాదికొస్తే... సరే, ఇడిసిపెట్టు. స్టెంటు వేసిండ్రు, 2,10,000. మూడు నెలలకు బాయికాడ మోటరు బంద్ చెయ్యవోయి జారి తుంటి ఇరగ్గొట్టుకున్నడు. ఇంకో 2,40,000. ఆరోగ్యశ్రీ పది లక్షలకు పెంచిండ్రు గని మాకు తెల్లకార్డు లేకపాయె.

రెండు కలిపితే 4,50,000. మూడు తీసేస్తే లక్షన్నర రావాలె గద? బిల్లులన్ని కట్ట గట్టి ఇన్సూరెన్సోళ్లకు పంపిన. ఫోన్ల పిల్ల మెల్లగ చెప్పింది: "రెండింటిల ఏదీ మూడు లక్షలు దాటలేదు సార్."

టాపప్‌ల ఏ క్లెయిముకు ఆ క్లెయిమే చూస్తరంట. ఏడాది ఖర్చంత కలిపి చూసేది సూపర్ టాపప్. ఒక్క 'సూపర్' మాట లేనందుకు లక్షన్నర పాయె! నాయినకు చెప్తే మంచంల నుంచే నవ్విండు: "ముందే చెప్తే రెండు రోగాలు ఒక్కపాలే తెచ్చుకుందు గదరా." నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

పైసలు రెండు రూపాల మిత్తికి తెచ్చిన. నాలుగేండ్ల సంది ప్రీమియంల మిగిలిచ్చిందంత ఆ మిత్తికే సరిపోయేటట్టున్నది. ఆ మూడు లక్షలు నీ బీరువల తయారుగ ఉంటెనే ఈ పాలసీకి అర్థమున్నది. లేకుంటే రోగమొచ్చినా ఇంట్లనే కూసుంటం, నేను నాయినను కూసోవెట్టినట్టు.

నీకైతే కంపెనీ పాలసీ ఉన్నది, మొదటి మూడు లక్షలు అది కడ్తది, మీద ఇది ఏస్కుంటే పనికొస్తది. కాదనను. కని నెలకోపాలి మేనేజరుతోని లొల్లి పెట్టుకునేటోనివి, నీ నౌకరిని నమ్ముకోని ఎట్ల కడ్తవురా? ఇప్పటికే కట్టినవనుకో, కాయితం చేతికొచ్చిన 30 రోజులల్ల వాపస్ ఇయ్యొచ్చు. అమ్మ షుగరు సంగతి దాచకు. పాత రోగాలకు మూడేండ్ల దాక పైసలియ్యకుండ ఆపుతరు, ఆపనీ. దాస్తే మొత్తానికే ఎగ్గొట్టొచ్చు.

ఏజెంటును ఒక్కటే అడుగు: డిడక్టిబుల్ క్లెయిముకా, ఏడాదికా? నోటితోని కాదు, కాయితంల చూపియ్యమను. ఇంక దవాఖాన రూము కిరాయి సంగతి ఒకటున్నది, అది ఇంతకన్న పెద్ద... అగో, నాయిన కేకేస్తుండు, వాకరు కనవడ్తలేదంట. మళ్ల రాస్త.

నీ గడ్డపార