సకినాల ధర కిలోకు 10 రూపాయలు ఎందుకు పెంచుతున్నామంటే

హనుమకొండలో మా దుకాణం నుంచి సకినాలు, గరిజెలు తీసుకెళ్లే అందరికీ నమస్కారం. ఫిబ్రవరి 1 నుంచి సకినాలు కిలోకు 10 రూపాయలు పెరుగుతాయి. నూనె ధర వల్లో, బియ్యం ధర వల్లో కాదు. మా దగ్గర పనిచేసే ఏడుగురు ఆడవాళ్లను ఈఎస్ఐలో, అంటే పనివాళ్లకు వైద్యం, జబ్బు సెలవు డబ్బులు ఇచ్చే ప్రభుత్వ బీమాలో చేర్పిస్తున్నాం.

పది మంది పనిచేసే చోట ఈఎస్ఐ తప్పనిసరి. మాలాంటి చిన్న దుకాణాలకు ఆ నిబంధన లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ అనే కేంద్ర చట్టం ప్రకారం, యజమానీ, పనివాళ్లలో ఎక్కువమందీ ఒప్పుకుంటే పది మంది లేకపోయినా చేరొచ్చు. మేం అలాగే చేరుతున్నాం.

ఒప్పించడం తేలికేం కాలేదు. "ఆరోగ్యశ్రీ ఉన్నది గదా అక్కా, మళ్ల ఇదెందుకు? జీతంల 90 రూపాయలు ఎందుకు కోస్తరు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. గుండె ఆపరేషన్ లాంటిది వస్తే పేదింటికి అదే దిక్కు. కానీ మా వాళ్లను ఎక్కువగా పడగొట్టేవి జ్వరాలు, నడుం నొప్పులు, చేతి మీద నూనె చిందిన గాయాలు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, కింద పరిచిన గుడ్డ మీద వంగి వేళ్లతో సకినం తిప్పడం, ఆ తర్వాత మూకుడు ముందు గంటలకొద్దీ నిలబడటం. మొన్న వానాకాలం ఒకామె డెంగీతో మంచం పట్టింది. పరీక్షలకు, మందులకు చేతి డబ్బులే పెట్టుకుంది, పైగా కూలి పోయింది. నేను సగం జీతం ఇచ్చాను. కానీ జబ్బు చేసిన మనిషికి అన్నం దొరకడం యజమాని మంచితనం మీద ఆధారపడకూడదు, అది హక్కుగా ఉండాలి. ఈఎస్ఐలో అది ఉంది. ఓపీ వైద్యం, మందులతో పాటు, నిర్ణీత రోజుల చందా కట్టి ఉంటే జబ్బు సెలవుకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు.

లెక్క కూడా చూడండి. 12,000 జీతానికి మా వాటా 3.25 శాతం, అంటే 390. వాళ్ల వాటా 0.75 శాతం, 90. ఏడుగురికి మేం నెలకు కట్టేది 2,730. నెలకు దాదాపు మూడు వందల కిలోల సకినాలు అమ్ముతాం, అందుకే కిలోకు పది.

తోటి దుకాణాల వాళ్లు కొందరు "సర్కారు అడగకముందే నువ్వెందుకు నెత్తిన వేసుకుంటున్నవ్" అంటున్నారు. నా అభిప్రాయం వేరు. ఒక్క మనిషి పనిచేసినా ఈఎస్ఐ తప్పనిసరి చెయ్యాలి. అందరికీ ఒకే నియమం ఉంటే, కట్టే దుకాణం ధర పెంచి గిరాకీ పోగొట్టుకునే భయం ఉండదు. దాంతోపాటు డిస్పెన్సరీలు, డాక్టర్లు కూడా పెరగాలి. చందా తీసుకుని వైద్యం అందకపోతే మా వాళ్లు అడిగిన ప్రశ్నే నిజమవుతుంది.

సంక్రాంతి ఆర్డర్లన్నింటికీ పాత ధరే. గరిజెలు, మురుకులు, అరిసెల ధర మారదు.