బాబాయి బస్సుల సైటు నిలిచింది: అందరికీ కృతజ్ఞతలు

గుంటూరులో మా బాబాయి ఒంటిచేత్తో నడిపిన బస్సుల, రైళ్ల చరిత్ర వెబ్‌సైటు పోకుండా నిలిచింది. సర్వర్ ఇచ్చిన కంపెనీ నెలాఖరుకు మూసేస్తున్నామని ఈమెయిలు పంపితే, సైటును కాపాడమని నేను పెట్టిన విన్నపం చూసి ముక్కూమొహం తెలియనివాళ్లు సాయానికి వచ్చారు. మా కుటుంబం తరఫున అందరికీ నమస్కారాలు.

అందులో అంత ఏముందని కొందరు అడిగారు. తారీఖు గుద్దిన అట్ట టికెట్లు, కండక్టరు చిల్లు పెట్టిన ఆర్టీసీ టికెట్లు, మీటర్ గేజ్ రోజుల గుంటూరు–మాచర్ల బండి వేళలు. విజయవాడ సత్యనారాయణపురంలో ఇప్పుడు బస్సుల కోసం వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోట రైలు వెళ్తున్న ఫొటో కూడా ఉంది. పట్టాల పక్కన ఒకావిడ రైలు వైపు కన్నెత్తయినా చూడకుండా చీరలు ఆరేస్తోంది. ఏ శాఖ వార్షిక నివేదికలో దొరుకుతుంది ఇది?

విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడు ముందుగా పాత వెబ్ పేజీల ప్రతులు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతికాడు. పేజీలు ఉన్నాయి, చిన్న బొమ్మలూ ఉన్నాయి, పెద్ద స్కాన్లు మాత్రం లేవు. దాంతో సైటు మొత్తాన్ని వెబ్‌సైట్లను దాచడానికి వాడే వార్క్ (WARC) ఫైళ్లుగా దింపాడు. వాటిలో పేజీతోపాటు దాని చిరునామా, సర్వర్ ఇచ్చిన జవాబు, దింపిన సమయం కూడా నమోదవుతాయి. ఎవరైనా సొంత వెబ్ పేజీలు పెట్టుకునే జియోసిటీస్‌ను 2009లో యాహూ మూసేసినప్పుడు, మూతపడే సైట్లను కాపాడే ఆర్కైవ్ టీమ్ అనే బృందంలోని వలంటీర్లు గడువులోపు చేతికందినంత దింపుకున్నారని, ఆ కథ చదివే తనకు ఈ పిచ్చి పట్టిందని చెప్పాడు. చల్లని పిచ్చి.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. బాబాయి రాసింది ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ తెలుగు చూపించడానికి వాడే యూనికోడ్‌లో కాదు, పాత ఫాంటులో. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. పేజీని ఎంత భద్రంగా దాచినా చదివే దారి లేదు. ఏలూరు రోడ్డులో డీటీపీ చేసే అక్క దగ్గర ఆ ఫాంటు ఇంకా ఉంది. అందులో తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఏ ముక్కలు కలిస్తే ఏ అక్షరమో ఆవిడ పట్టిక రాసి ఇచ్చారు, తమ్ముడు దానితో పాఠమంతా యూనికోడ్‌లోకి మార్చాడు. మూల ప్రతిని మాత్రం ముట్టుకోలేదు, ఫాంటుతో సహా పక్కనే ఉంచాం. డబ్బు సంగతి ఎత్తితే ఆవిడ కోప్పడ్డారు.

తెనాలి నుంచి ఒక రిటైర్డ్ కండక్టరు గారు ఫొటోల కింద స్టేజీల పేర్లు సరిచూసి పంపారు. హార్డ్ డిస్కుల్లో ప్రతులు దాచుకున్న మిత్రులకూ రుణపడి ఉంటాం.

కొత్త సైటు చూసి బాబాయి అన్న మొదటి మాట: “రేపల్లె బండి వేళల్లో ఒక అంకె తప్పు పడింది.” మూల ప్రతిలోనూ ఆ తప్పు ఉందని తమ్ముడు మర్యాదగా చూపించాడు. ఇద్దరూ ఇప్పుడు రోజూ ఫోనులో మాట్లాడుకుంటున్నారు.